మధ్య మెట్టు మీది పోలీసు అధికారి

పోలీసు శాఖ మాట ఎత్తగానే మన కన్నులకు కట్టేవారు ఇద్దరే. ఒకరు వీధి మొగలో నిలుచునే జవాను. రెండవవారు జిల్లాకంతటికీ అధిపతియైన సూపరింటెండెంటు. ఒకరిని రోజూ చూస్తాము, రెండవవారి ఛాయాచిత్రాన్ని పత్రికలలో చూస్తాము. ఈ ఇద్దరికీ నడుమ మరికొందరున్నారు. సర్కిల్ ఇన్స్పెక్టరు, డిప్యూటీ సూపరింటెండెంటు, నగరాలలో అసిస్టెంటు కమిషనరు, ఒక విధంగా చూస్తే ఠాణాలోని సబ్ ఇన్స్పెక్టరు కూడా. పైనుండి వచ్చిన ఉత్తరువును క్రిందికి, క్రిందినుండి వచ్చిన లెక్కను పైకి చేరవేయడమే వీరి పని అని లోకం అనుకుంటుంది. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నదని సామెత ఉన్నది గదా! జవాను రోలైతే ఈ మధ్యవాడు మద్దెల. ఆ మద్దెల ఉద్యోగం నేను పదునాలుగేండ్లు చేసినాను. కనుక ఈ పదిహేను నిమిషాలు వారి పక్షాన మాట్లాడడానికి నాకు కొంత హక్కున్నది. వారి తప్పులు చెప్పడానికి అంతకంటె ఎక్కువ హక్కున్నది.

ఈ మధ్య మెట్లను ఎవరు, ఎందుకు కట్టినారో ముందు చూడవలె. 1857 తిరుగుబాటు అణగిన తరువాత 1861లో వచ్చిన పోలీసు చట్టం ప్రజల సౌకర్యం కోసం పుట్టినది కాదు; రాజ్యం చేజారకుండా ఉండడం కోసం పుట్టినది. నలుబది ఏండ్లు గడిచేసరికి పోలీసులపై ఫిర్యాదులు మిక్కుటమై, 1902లో సర్ ఆండ్రూ ఫ్రేజరు అధ్యక్షతన ఒక కమిషనును నియమించినారు. శాఖలో లంచగొండితనము, దౌర్జన్యము ఉన్నవని ఆ కమిషను దాచకుండా చెప్పినది. అది సూచించిన మందులలో ఒకటి, ఠాణాల అధికారానికి చదువుకొన్న సబ్ ఇన్స్పెక్టర్లను నేరుగా నియమించడం. మరొకటి, భారతీయుల కోసం డిప్యూటీ సూపరింటెండెంటు పదవిని ఏర్పరచడం. మంచి మందులే. అయితే వాటి లోపల ఒక అనుమానం కూడా కలిసి ఉన్నది. క్రిందివాడు తప్పు చేయకుండా ఉండడు, వానిని కనిపెట్టి ఉండడానికి పైన ఒకడు ఉండవలెనన్న అనుమానం. మధ్య అధికారి పుట్టుకే ఆ కనిపెట్టడం కోసం జరిగినది.

నేను ఉద్యోగంలో చేరిన నాటికి ఈ కనిపెట్టడం ఒక శాస్త్రంగా వృద్ధి చెందినది. అర్ధరాత్రి చెప్పకుండా వెళ్ళి గస్తీ జవాను మేలుకొని ఉన్నాడో లేదో చూడడం, గస్తీ పుస్తకంలో సంతకాలు వేళకు పడినవో లేదో సరిచూడడం, జనరల్ డైరీలో ఖాళీ పంక్తులు విడిచినారేమో వ్రేలుపెట్టి వెదకడం, బెల్టు బిళ్ళ మెరుస్తున్నదా అని పరీక్షించడం. తప్పు పట్టుకొంటే ఒక మెమో. రెండు మూడు మెమోలైతే దండన. ఇందులో ఆరితేరినవానికి మంచి సూపర్వైజరు అని పేరు. ఆ పేరు నాకు కూడా ఉండేది.

ఇది మన దేశపు విచిత్రం మాత్రమే కాదు. అమెరికాలో బర్క్‌లీ పట్టణపు పోలీసు అధిపతి ఆగస్టు వోల్మరు, అతని శిష్యుడు ఓ. డబ్ల్యు. విల్సన్, ఇరువదవ శతాబ్ది పూర్వభాగంలో పోలీసు శాఖను ఒక వృత్తిగా దిద్దినారు. అక్కడి బాధ వేరు. నగర రాజకీయ నాయకుల చేతిలో పోలీసు ఒక పనిముట్టై, వీధి వీధికి మామూళ్ళ వసూలు నడిచేది. దానికి విల్సన్ పంథా చెప్పిన చికిత్స, జవానును వీధినుండి వేరుచేయడం. మోటారులో కూర్చుండబెట్టు, రేడియో చేతికివ్వు, పిలుపు వచ్చిన చోటికి పంపు, పని కాగానే వెనుకకు రప్పించు. ప్రజలతో పరిచయం ఎంత తక్కువైతే లంచం అంత తక్కువ. 1960లో షికాగో పోలీసులలో పెద్ద కుంభకోణం బయటపడినప్పుడు ఆ శాఖను చక్కదిద్దడానికి పిలిచినది ఈ విల్సన్‌నే. పరిచయం పెరగకుండా కాపలా కాయవలసిన వాడు ఎవరు? మళ్ళీ మధ్య అధికారియే.

ఇప్పుడు ఈ చిత్రాన్ని తలక్రిందులు చేయండి. జవాను ఒకే పేటలో ఏండ్ల తరబడి ఉండవలెను, ఇంటింటి తలుపు తట్టవలెను, ముసలమ్మల పేర్లు తెలిసి ఉండవలెను, నేరం జరిగిన తరువాత కాదు, జరుగకముందే దాని వాసన పట్టవలెను, ఆ పేటవారితో కూర్చుండి ఉపాయం ఆలోచించవలెను అన్నారనుకొనండి. దీనినే కమ్యూనిటీ పోలీసింగు అంటున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో మైత్రి అని పేరు పెట్టినారు. కేరళ రాష్ట్రంలో 2008 మార్చిలో జనమైత్రి సురక్ష అను పేరుతో 20 ఠాణాలలో మొదలుపెట్టి, క్రమంగా రాష్ట్రమంతటా వ్యాపింపజేసినారు. అక్కడి పద్ధతి సులభమే. ఠాణా పరిధిని చిన్న చిన్న బీట్లుగా విభజించి, ఒక్కొక్కదానికి ఒక బీటు అధికారిని నియమిస్తారు. అతడు తన బీటులోని ఇండ్లకు వెళ్ళి పరిచయం చేసుకొంటాడు. ఠాణాకు ఒక సురక్షా సమితి ఉంటుంది. పేటవారు అందులో కూర్చుని మాట్లాడుతారు.

దీనిని గురించిన ఉపన్యాసాలలో జవాను మారవలెనని చెప్తారు, ప్రజలు మారవలెనని చెప్తారు. మద్దెలను ఎవరూ తలచుకోరు. అసలు ఇరుకంతా అక్కడనే ఉన్నది. ఇదివరకు ఏ వీధిలో ఏమి జరుగుతున్నదో ఇన్స్పెక్టరుకు ఎక్కువ తెలిసేది, అదిగాక తెలిసినట్లు నటించడం సులభంగా ఉండేది. ఇప్పుడు ఆ తెలివి జవాను దగ్గర ఉన్నది. ఎక్కువ తెలిసినవాడు క్రింద, ఎక్కువ అధికారమున్నవాడు పైన. ఏమి చేయవలెనో జవానే చెప్తాడు. దానికి కావలసినవి సమకూర్చవలసినది ఇన్స్పెక్టరు. వీధి దీపం వెలగక దొంగతనాలు జరుగుతున్నవని జవాను కనిపెట్టినాడు. దీపం వేయించే శక్తి అతనికి లేదు. పురపాలక సంఘం గుమ్మం ఎక్కి, విద్యుచ్ఛాఖ గుమ్మం ఎక్కి, నాలుగుసార్లు తిరిగి దానిని సాధించవలసినది అతని పై అధికారి. ఆజ్ఞాపించడానికి అలవాటుపడిన నోటితో పొరుగు శాఖల గుమాస్తాలను ప్రాధేయపడవలెను. ఎంత కష్టమో చేసినవానికే తెలుస్తుంది.

నా స్వానుభవం ఒకటి చెప్తాను. ఇందులో నేను మెచ్చుకోదగిన పాత్రను కాను.

1980ల చివరి సంవత్సరాలలో గోదావరి డెల్టాలో ఒక సర్కిలుకు నేను ఇన్స్పెక్టరుగా ఉన్నాను. దాళ్వా పంట కాలంలో కాలువ చివరి భూములకు నీరు అందదు. ఎగువ గ్రామంవారు రాత్రివేళ తూము తలుపు ఎత్తివేస్తారు, దిగువ గ్రామంవారు కర్రలు పట్టుకొని వస్తారు. ఏటేటా తలలు పగులుతవి. పది పన్నెండు కేసులు నమోదు చేసి, అరెస్టులు చేసి, కోర్టుకు పంపుతాము. ఆ సాక్షులు కోర్టులో మాట మార్చేసరికి మళ్ళీ దాళ్వా వస్తుంది.

ఆ ఠాణాలో ఒక హెడ్డు కానిస్టేబులు ఉండేవాడు. మాట తక్కువ మనిషి. ఒక ఏడు నారుమళ్ళు పోసే ముందే అతడు ఎవరూ చెప్పకుండా రెండు గ్రామాల పెద్దలను, నీటిపారుదల శాఖ లస్కరును తీసుకొనివెళ్ళి తూము గట్టు మీద కూర్చుండబెట్టినాడు. వంతుల పట్టీ వ్రాయించినాడు. ఎగువ వంతు నడిచేటప్పుడు దిగువవాడొకడు, దిగువ వంతు నడిచేటప్పుడు ఎగువవాడొకడు తూము దగ్గర పడుకొనవలెనని ఏర్పాటు చేయించినాడు. మొదటి రెండు వారాలు తానుకూడ లాంతరు పెట్టుకొని అక్కడనే పడుకొన్నాడు. ఆ ఏడు ఒక్క తల పగులలేదు.

నెలసరి నేర సమీక్ష సమావేశం వచ్చినది. పట్టికలో ప్రతి ఠాణాకు ఒక వరుస. ఎన్ని కేసులు, ఎన్ని అరెస్టులు, ఎన్ని శిక్షలు, ఎన్ని చిల్లర కేసులు. పక్క ఠాణాకు ఆ నెల 11 కేసులు; పనిలో చురుకు ఉన్నదన్నారు. మన హెడ్డుగారి వరుసలో సున్న, సున్న, సున్న. పైగా దినచర్యలో పక్షం రోజులు రాత్రి గస్తీ సంతకాలు లేవు. సంతకం చేయవలసిన చోట్లు ఊరిలో ఉన్నవి, మనిషి తూము దగ్గర ఉన్నాడు! విధి నిర్వహణలో శ్రద్ధ చాలదని అతనికి మెమో తయారైనది. దానిపై సంతకం చేసినది నేనే.

మెమో అందుకొనడానికి వచ్చినప్పుడు అడిగినాను, "ఏమయ్యా, నెలకు ఒక్క కేసైనా లేకపోతే ఎట్లా?" అని.

"కొట్టుకోలేదు గదండీ, అయ్యగారూ. కేసు ఎక్కడనుండి తెమ్మంటారండీ?" అన్నాడు.

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగినాడు. నేను జవాబు చెప్పలేదు. మెమో మాత్రం ఉపసంహరించుకొనలేదు. ఉపసంహరించుకుంటే పైవారికి కారణం వ్రాయవలసి వస్తుంది, కారణానికి ఫారములో చోటు లేదు. అతని సర్వీసు పుస్తకంలో ఆ మచ్చ నిలిచిపోయినది. 1979లో జాతీయ పోలీసు కమిషను తన మొదటి నివేదికలోనే, కానిస్టేబులును ఆలోచన లేని యంత్రంగా వాడుకొంటున్నామని గట్టిగా వ్రాసినది. ఆ నివేదికను నేను చదివి ఉన్నాను. చదివి ఉండి కూడ సంతకం చేసినాను.

ఈ సంఘటన తరువాతనే ఇతర చోట్ల ఏమి చేస్తున్నారని వెదకి చదవడం మొదలుపెట్టినాను. బొంబాయికి సమీపాన భివండీ పట్టణం ఉన్నది. మరమగ్గాల ఊరు. మన కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ జిల్లాలనుండి తరతరాలుగా వెళ్ళిన పద్మశాలీలు ఎందరో అక్కడ మగ్గాలపై బ్రతుకుతున్నారు గనుక మనకు అది పరాయి ఊరు కాదు. 1970లో, మళ్ళీ 1984లో అక్కడ భయంకరమైన మత కల్లోలాలు జరిగినవి. 1988లో సురేశ్ ఖోపడే అను అధికారి అక్కడికి డిప్యూటీ కమిషనరుగా వచ్చినాడు. పేటపేటకు హిందువులు, ముస్లిములు కలిసి కూర్చునే మొహల్లా కమిటీలను ఏర్పరచినాడు. వాటి బాధ్యతను పెద్ద పెద్ద అధికారులకు కాక, ఆ పేటలో తిరిగే చిన్న ఉద్యోగులకు అప్పగించినాడు. పుకారు పుట్టిన వీధిలోనే దానిని ఆర్పడానికి ఇద్దరు మనుష్యులు సిద్ధంగా ఉండడమే ఆ కమిటీల ఫలం. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో బొంబాయి మండిపోయినది; సుమారు 900 మంది మరణించినారు. భివండీ నిలిచినది. అప్పటికి ఖోపడే బదిలీపై వెళ్ళిపోయి ఉన్నాడు. కమిటీలు మాత్రం అక్కడనే ఉన్నవి.

ఆ చివరి సంగతి నాకు చాల ముఖ్యంగా తోస్తుంది. ప్రారంభించినవాని కీర్తి మనము పాడుకొంటాము. అతడు పోయిన తరువాత సమావేశం పిలవడం మానివేయకుండా, తన పేరు ఎక్కడా రాకుండా దానిని నడిపించిన ఇన్స్పెక్టర్లెవరో మనకు తెలియదు. ఇటువంటి పథకాలు మన దేశంలో ఉత్సాహవంతుడైన ఒక సూపరింటెండెంటుతో పుట్టి, అతని బదిలీ ఉత్తరువుతో గిట్టడం సామాన్యం. క్రొత్తగా వచ్చినవాడు ఇంకొక పేరు పెడతాడు. పేరు మారినా పని మారకుండా చూడగలిగినవాడు మధ్యవాడే. కాని ఆ మధ్యవాని సంగతేమి? 2006లో ప్రకాశ్ సింగు కేసులో సుప్రీముకోర్టు, పోలీసు అధికారులను ఒకచోట కనీసం రెండేండ్లు ఉంచవలెనని ఆదేశించినది. ఉదాహరణగా పేర్కొన్న పదవులు జోనుకు అధిపతి, రేంజికి అధిపతి, జిల్లాకు అధిపతి, ఠాణాకు అధిపతి. సర్కిలు, సబ్ డివిజను ప్రస్తావన ఆ వాక్యంలో లేదు. వారిని మినహాయించినారని నేను అనను, తలచుకోలేదంతే. మద్దెలకు అది కొత్త కాదు.

షికాగో నగరం సంగతికి మళ్ళీ వస్తాను. విల్సన్ చక్కదిద్దిన ఆ శాఖలోనే 1993లో ఐదు జిల్లాలలో క్రొత్త పద్ధతిని ప్రారంభించినారు. నగరం మొత్తం 279 బీట్లు. ప్రతి బీటులో పౌరులు, పోలీసులు కలిసి సభ జరుపుకొనవలెను. అక్కడ ఎదురైన చిక్కు ఒకటి మన ఠాణాలవారందరూ తెలుసుకొనదగినది. బీటు అనేది స్థలం. సార్జెంటు పర్యవేక్షించేది కాలాన్ని, అనగా ఒక షిఫ్టును. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని మూడు షిఫ్టులు, ముగ్గురు సార్జెంట్లు. ఒకే వీధిలో పగలు తిరిగేవాడు, రాత్రి తిరిగేవాడు ఒకరి ముఖమొకరు చూడరు. పగటివాడు సందులో కొత్త మనుష్యులను గమనిస్తే ఆ సంగతి రాత్రివానికి చేరదు. కనుక షిఫ్టుల గోడలు దాటి ఒక స్థలానికి బాధ్యత వహించే సార్జెంటు కావలసి వచ్చినది. వినడానికి ఇంతే. కాని ఎనిమిది గంటలు గడిస్తే చేతులు కడుగుకొనగల ఉద్యోగం పోయి, చేతులు ఎన్నడూ కడుగుకొనలేని ఉద్యోగం వచ్చినది.

ఇంకొక మాట. మధ్య అధికారులు మార్పుకు బద్ధవిరోధులని, వారిని తప్పించి పైవారు జవానులతో నేరుగా పని చేయించుకొనవలెనని అమెరికాలో కొందరు వాదించినారు. జార్జి కెల్లింగు అను పండితుడు, విలియం బ్రాటన్ అను పోలీసు అధిపతి 1993లో దీనిని ఖండిస్తూ ఒక వ్యాసం వ్రాసినారు. కనిపెట్టి ఉండమని వారిని నియమించినది మీరే, ఆ పని శ్రద్ధగా చేస్తే మొండివారనడం ఎట్లాగని వారి భావం. 1984లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఇటువంటి పద్ధతిని మొదట పరీక్షించినప్పుడు, ఒక్క సార్జెంటు క్రింద పదిమంది కాలినడక జవానులను ఉంచి, వారి సమస్యలకు సహాయపడడమే అతని పనిగా నిర్ణయించినారు. పని పేరు స్పష్టంగా చెప్పినప్పుడు చేసేవారు దొరికినారు.

అయితే నేను పాత పద్ధతిని పూర్తిగా త్రోసిపుచ్చలేను. కనిపెట్టడం అవసరమే. ఒక పేటలో పాతుకొనిపోయిన జవానుకు పరిచయాలతో పాటు మామూళ్ళు కూడ పెరుగవచ్చు. వోల్మరు, విల్సన్ భయం ఉత్త భ్రమ కాదు. సమితి అంటారు, అందులో ఎవరు కూర్చుంటున్నారు? ఊరి పెత్తందారు, సారా కాంట్రాక్టరు బావమరిది, రౌడీ షీటు కొట్టివేయించుకొన్న పెద్దమనిషి మొదటి వరుసలో కూర్చుని, పోలీసుకు పూలదండ వేస్తారు. కూలివాడు, మాలపల్లె ఆడకూతురు గుమ్మం దగ్గర నిలుచుంటారు. నేను హాజరైన ఒక సమితి సమావేశంలో రెండు గంటలలో ఒక్క స్త్రీ కూడ నోరు విప్పలేదు. కాఫీ ఇచ్చే అమ్మాయి ఒక్కతే మాట్లాడినది, చక్కెర చాలునా అని. ఆ గుమ్మం దగ్గరివారిని లోనికి పిలిచి కూర్చుండబెట్టవలసినది ఎవరు? జవానుకు ధైర్యం చాలదు. పెత్తందారుకు కోపం వస్తే బదిలీ అయ్యేది అతడు. సూపరింటెండెంటు ఏడాదికొక్కసారి వస్తాడు, వచ్చిననాడు అందరూ కుర్చీలలోనే కనబడతారు. నెలనెలా వెళ్ళి చూడగల ఇన్స్పెక్టరే దానిని సరిచేయగలడు. కనుక అతడు కనిపెట్టడం మానవలసిన పని లేదు. బెల్టు బిళ్ళను కాక, సభలో ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు మాట్లాడడం లేదో కనిపెట్టవలెను. జవాను సంతకాన్ని కాక, ఆ వీధిలో అతని పేరు ఎందరికి తెలుసునో అడిగి తెలుసుకొనవలెను. ఇది పాతదానికంటె సులభం కాదు. సంతకం ఉన్నదా లేదా అన్నది లాంతరు వెలుగులో తెలిసిపోతుంది. ఇది తెలియాలంటే వీధి వెంట నడవవలెను.

మెమో సంగతి జరిగిన మరుసటి సంవత్సరం నేను ఒక చిన్న పని చేసినాను. నెలసరి పట్టికలో చివర కాస్త ఖాళీ ఉండేది. అక్కడ స్కేలుతో ఒక గడి గీసి, 'జరుగకుండ ఆపిన తగవులు, ఏ విధముగా' అని చేతితో వ్రాసి, నా సర్కిలులోని ఠాణాలన్నిటికీ పంపినాను. మొదటి నెల అందరూ ఖాళీగా పంపినారు. ఇదేదో ఉచ్చు అనుకొన్నారట. రెండవ నెల మన హెడ్డుగారు రెండు పంక్తులు వ్రాసినాడు. తరువాత మిగిలినవారూ వ్రాయసాగినారు. అందులో కొన్ని కల్పితాలని నాకు తెలియును. గడి ఉన్నచోట పూరించడం మనవారి స్వభావం. వెళ్ళి అడిగితే ఏవి నిజమో తేలేది, ఆ మిషతోనైనా నేను నాలుగు ఊళ్ళు నడిచినాను. సమీక్షా సమావేశంలో మా పై అధికారి ఆ గడిని చూచి, "ఇది ఏ ఉత్తరువు ప్రకారమండీ?" అని అడిగినారు. ఏ ఉత్తరువూ లేదన్నాను. ఆయన ఏమీ అనక కాగితం త్రిప్పివేసినారు.

ఏడు నెలలు ఆ గడి నడిచినది. ఎనిమిదవ నెలలో నాకు బదిలీ అయినది. కొంతకాలానికి ఆ దారిన పోతూ ఠాణాలో ఆగి రైటరును అడిగినాను. క్రొత్త ఇన్స్పెక్టరుగారు కూడ మంచివారేనని, కాని గీతలు గీయించడం ఆయనకు ఇష్టం లేదని, అచ్చు ఫారాలు ఇంకా రెండేండ్లకు సరిపడ నిలువ ఉన్నవని చెప్పినాడు.